పని చేయించేవారు వినయాన్ని ఎలా అలవరచుకోవాలి

మీ కింద నలుగురు పనిచేస్తున్నా, నలభై మంది పనిచేస్తున్నా, మీరు పొరబడుతున్నప్పుడు ఆ సంగతి చాలాసార్లు మీకంటే ముందు వారికే తెలుస్తుంది. దానిని వారు వేళకు మీతో చెబుతారా, తమలో తాము చెప్పుకుని ఊరుకుంటారా అన్నది మీరు రోజూ వారితో ఎలా మెలగుతున్నారన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. పై స్థానంలో ఉన్నవారి వినయం అని నేను ఇక్కడ రాస్తున్నది ఈ ఒక్క అర్థంలోనే. నెమ్మదిగా మాట్లాడటం, ఎదురుపడిన వారికి ముందుగా నమస్కారం పెట్టడం మంచి అలవాట్లే గానీ, మీ కింది మనిషి మీ ఎదుట నిలబడి "ఇది తప్పండీ" అని జంకు లేకుండా అనగలిగే వీలు మీ దగ్గర లేకపోతే అవన్నీ పైపై మర్యాదలుగానే మిగిలిపోతాయి.

గుంటూరు శివార్లలోని ఒక కోల్డ్ స్టోరేజీలో మేనేజరుగా చేరిన రెండో సీజన్‌లో నాకు ఈ సంగతి తెలిసివచ్చింది. అది మార్చి నెల. మిర్చి యార్డు నిండిపోయి, ధర కోసం ఆగుదామనుకున్న రైతులు సరుకును నేరుగా మా దగ్గరకు తోలుతున్నారు. గేటు బయట ట్రాక్టర్లు, లారీలు బారులు తీరి ఉన్నాయి. ఒక రైతు తెచ్చిన తేజ రకం మిర్చి లాటు దిగుతుండగా, సరుకు దింపే కూలీల ముఠాకు మేస్త్రీ అయిన పెద్దాయన ఒక టిక్కీ (మిర్చి బస్తా) కుట్టు సందులోంచి రెండు కాయలు లాగి, చెవి దగ్గర పెట్టుకుని ఆడించారు. బాగా ఎండిన కాయలో గింజలు గలగలలాడతాయి. ఆ కాయలు పలకలేదు. వేళ్ళ మధ్య నలిపితే విరగకుండా ముడుచుకుపోయాయి. "సార్, ఈ లాటు మెత్తగా ఉందండి. ఇవాళ్టికి బయట ఉంచుదాం" అన్నారు మేస్త్రీ గారు. నేను కుర్చీలోంచి లేవకుండానే, "నువ్వు బస్తాలు మోసే పని చూడు, కాయ సంగతి నేను చూసుకుంటాను" అన్నాను.

లాటు ఛాంబరులోకి వెళ్ళిపోయింది. నిల్వ చేసే కాయలో తేమ 10, 11 శాతానికి మించకూడదని నాకు తెలుసు. తేమ కొలిచే మీటరు నా బల్ల సొరుగులోనే ఉంది. తీసి కొలవలేదు. జూన్‌లో నెట్టు (టిక్కీలను పేర్చిన దొంతర) విప్పి తిరగ కట్టిస్తున్నప్పుడు మధ్య వరుసల్లోని టిక్కీలు బూజు పట్టి బయటపడ్డాయి, పక్కనే ఉన్న మరో ఇద్దరు రైతుల సరుకు కూడా చెమ్మగిల్లింది. నష్టపరిహారం యాజమాన్యం కట్టింది. అంతకంటే నన్ను ఎక్కువగా బాధపెట్టిన విషయం ఏమిటంటే, మార్చిలో ఆ రోజు తర్వాత మేస్త్రీ గారు ఏ లాటు గురించీ నాతో ఒక్క మాట కూడా చెప్పలేదు. సీజనంతా నేను ఏమన్నా "సరేనండి" అనే అన్నారు. ఎందుకు చెప్పలేదని అడిగితే, "మీరు చూసుకుంటానన్నారు గదండీ" అన్నారు. ఆ మాటలో కోపం కూడా లేదు.

ఆ తర్వాత గుంటూరులోనూ విజయవాడలోనూ పనిచేస్తూ నేను నేర్చుకున్నవి, ఇతరుల దగ్గర చూసి తెలుసుకున్నవి మీరు ఆచరణలో పెట్టడానికి వీలైన క్రమంలో రాస్తున్నాను. అన్నిటినీ ఒకేసారి మొదలుపెట్టకండి. ఒక్కొక్కదానికి పదిహేను రోజులైనా ఇవ్వండి. హఠాత్తుగా మారిపోయిన అధికారిని చూస్తే కిందివారికి ముందు కలిగేది అనుమానమే.

ముందుగా మీ క్రియాపదాలను గమనించండి

తెలుగులో పెద్దరికం చాలావరకు క్రియాపదంలోనే కూర్చుని ఉంటుంది. "రాత్రికి రాత్రే నాలుగు లారీలు దింపించాను", "ఛాంబరంతా కడిగించాను", "నెలాఖరు లెక్కలన్నీ రాయించాను" అని యజమానికి చెప్పేటప్పుడు మనం వాడే ఆ "ఇంచు" అనే రెండక్షరాలు, పని చేసినవారందరినీ వాక్యంలోంచి తప్పించి, చేయించిన ఒక్కరినే మిగులుస్తాయి. అదే పని చెడిపోతే వాక్యం మారిపోతుంది. "మావాళ్ళు తప్పుగా దింపారు" అంటాం, "కుర్రాడు లెక్క తప్పాడు" అంటాం. మంచి జరిగితే చేయించాను, చెడు జరిగితే చేశారు. ఇందులో చాలామందికి దురుద్దేశం ఉండదు. మన పై అధికారులు అలాగే మాట్లాడారు కాబట్టి మనకూ అదే అలవాటైంది. అయితే యజమాని గదిలో మీరు అన్న మాట సాయంత్రానికి కాటా దగ్గరకు చేరుతుందన్నది మరచిపోకండి. ఏ ఆఫీసులోనైనా గోడలు పలచనే.

చేయవలసిన పని ఇది. ఒక చిన్న నోటుపుస్తకం జేబులో పెట్టుకుని, వారం రోజులపాటు ప్రతి రాత్రీ ఆ రోజు మీరు పైవారితో అన్న మూడు వాక్యాలను, కిందివారితో అన్న మూడు వాక్యాలను ఉన్నవి ఉన్నట్టు రాయండి. దిద్దుకోవద్దు, సమర్థించుకోవద్దు. మూడో రోజుకల్లా మీ ధోరణి మీకే కనిపిస్తుంది. రెండో వారం నుంచి వాక్యాలను తిరగెయ్యండి. పని బాగా జరిగినప్పుడు "మేస్త్రీ గారి ముఠా రాత్రి రెండింటి దాకా ఉండి నాలుగు లారీలు దింపింది" అని చేసినవారిని కర్తగా నిలపండి. వీలైతే పేర్లతో చెప్పండి. పని చెడినప్పుడు "నేను సరిచూడకుండా దింపించాను" అనండి. ఆ "ఇంచు" సరిగ్గా అమరే చోటు అదే.

"మనం" అనే మాట విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఎదుటివారిని కలుపుకునే "మనం", కలుపుకోని "మేము" అని రెండు మాటలు మనకు వేరువేరుగా ఉన్నాయి గనుక, దేనిని ఎప్పుడు వాడుతున్నారో వినేవారు చాలా తొందరగా పసిగడతారు. ఏర్పాట్లు మీరు సరిగా చేయక పని వెనకబడితే, అందరినీ పిలిచి "ఈ నెల మనం వెనకబడ్డాం" అనకండి. ఆ "మనం" ఆప్యాయంగా వినిపిస్తూనే మీ తప్పును అందరికీ తలా కాస్తా పంచుతుంది.

ఈ వరసను సక్రమంగా పాటించిన పెద్దమనిషి ఉదాహరణ మన రాష్ట్రంలోనే జరిగింది. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి ప్రయోగించిన తొలి ఎస్‌ఎల్‌వి-3 రాకెట్ విఫలమై బంగాళాఖాతంలో పడిపోయినప్పుడు, ప్రాజెక్టు డైరెక్టరు అబ్దుల్ కలామే అయినా, పత్రికల వారి ముందుకు వచ్చి బాధ్యత తన మీద వేసుకున్నది ఇస్రో ఛైర్మన్ సతీశ్ ధావన్. 1980 జూలై 18న అదే తరహా రాకెట్ విజయవంతమైనప్పుడు మాత్రం పత్రికల వారితో మాట్లాడమని ఆయన కలామ్‌ను ముందుకు పంపారు. ఈ సంగతిని కలాం తన జీవితాంతం బహిరంగ సభల్లో చెబుతూనే వచ్చారు. మీరూ నేనూ రాకెట్లు ప్రయోగించం గానీ, నెలకొకసారైనా యజమాని ముందు నిలబడి జరిగినదాన్ని వివరించే సందర్భం మనకూ వస్తుంది. ఎవరు మాట్లాడాలో ఆ ముందు రాత్రే నిర్ణయించుకోండి.

పిలుపు, కుర్చీ, టీ గ్లాసు

తరవాత పిలుపుల సంగతి చూసుకోండి. మీకంటే పదేళ్ళు పెద్దవారైన వాచ్‌మన్‌ను "నువ్వు" అంటూ, మీకంటే పదేళ్ళు చిన్నవాడైన ఆడిటరును "మీరు" అంటున్నారేమో గమనించండి. మన ప్రాంతంలో "నువ్వు" ఎప్పుడూ అగౌరవం కాదన్నది నిజం. పల్లెల నుంచి వచ్చినవారిలో దగ్గరితనం ఉన్నచోట "ఏమయ్యా", "ఏమ్మా" అనే పిలుపులు ఎంతో చల్లగా ఉంటాయి, అకస్మాత్తుగా "మీరు" అంటే వారు నొచ్చుకుంటారు కూడా. అందుకని నేను పెట్టుకున్న కొలత ఒకటుంది. నేను ఏ మాటతో పిలుస్తున్నానో అదే మాటతో వారు నన్ను నలుగురిలో పిలిస్తే నాకు అభ్యంతరం ఉండదనుకున్నప్పుడే ఆ మాట వాడతాను. ఈ కొలత పెట్టి చూస్తే చాలా "నువ్వు"లు "మీరు" కావలసి వస్తుంది. "ఏరా" అనేది పూర్తిగా పోతుంది.

పేరు తెలుసుకోవడం దీనికంటే ముఖ్యం. మా స్టోరేజీలో తొడిమలు తీయడానికి వచ్చే ఆడవారు రోజుకు ముప్పై మంది దాకా ఉండేవారు. వారిని నేను రెండేళ్ళపాటు "తొడిమలవాళ్ళు" అనే అన్నాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో విడుదల చేసిన శస్త్రచికిత్సల భద్రతా పట్టికలో, కోత పెట్టే ముందు ఆ గదిలోని వారందరూ తమ పేరు, తాము చేసే పని చెప్పి పరిచయం చేసుకోవాలన్న అంశం ఉంది. ప్రాణం మీదికి వచ్చే పనిలో అంత తీరిక ఎందుకు పెట్టారా అనిపించవచ్చు. తన పేరు ఒకసారి పైకి పలికిన మనిషి, ఏదైనా తేడా కనిపించినప్పుడు రెండోసారి నోరు విప్పడం తేలికన్నదే అందులోని ఆలోచన. మీ దగ్గర కొత్తగా చేరినవారి పేరును మొదటి రోజే అడిగి, మూడో రోజు చూడకుండా పలకండి. మరచిపోతే మరచిపోయానని చెప్పి మళ్ళీ అడగండి.

ఇక కుర్చీ. మీరు కూర్చుని, ఎదుటివారు నిలబడి మాట్లాడుతుంటే వారు ఎంతసేపు మాట్లాడతారో ఒకసారి గమనించండి. చాలావరకు అర నిమిషం దాటదు. మీ బల్లకు ఇవతల రెండు కుర్చీలు ఎప్పుడూ ఖాళీగా ఉంచండి. "కూర్చోండి" అంటే మొహమాటపడి నిలబడేవారి దగ్గరకు మీరే లేచి వెళ్ళండి. ప్లాట్‌ఫాం మీద టిక్కీల పక్కన నిలబడి మాట్లాడితే గదిలో పది రోజులకు రాని సంగతి ఒక్క పూటలో బయటికి వస్తుంది. టీ వచ్చినప్పుడు మీకు పింగాణీ కప్పు, వారికి గాజు గ్లాసు పెట్టే ఆచారం మీ దగ్గర ఉంటే దానిని ఈ రోజే ఆపించండి. దాని గురించి వేరే వివరణ అక్కర్లేదు.

మీ అభిప్రాయాన్ని చివర చెప్పండి

అన్నిటికంటే కష్టమైనది ఇదేనని నా అభిప్రాయం, అందుకే దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను.

1977 మార్చి 27న కానరీ దీవుల్లోని టెనెరీఫ్ విమానాశ్రయంలో దట్టమైన మంచులో రెండు జంబో విమానాలు రన్‌వే మీద ఢీకొని 583 మంది చనిపోయారు. బయలుదేరుతున్న విమానాన్ని నడిపిన కెప్టెన్ ఆ సంస్థలో అందరికంటే సీనియర్లలో ఒకరు, ఇతర పైలట్లకు శిక్షణ ఇచ్చే మనిషి. విమానం పరుగు మొదలుపెట్టాక, ఎదుటి విమానం ఇంకా రన్‌వే మీంచి తప్పుకోలేదేమో అని ఫ్లైట్ ఇంజనీరు సందేహం వెలిబుచ్చాడు. కెప్టెన్ తప్పుకుందని గట్టిగా చెప్పాడు. ఇంజనీరు మళ్ళీ అడగలేదు. ప్రమాదానికి మంచు, రేడియో మాటల్లోని అస్పష్టత వంటి కారణాలు మరికొన్ని ఉన్నాయి. అయినా, ఆ తరవాతి సంవత్సరాల్లో విమానయాన సంస్థలు పైలట్లకు నేర్పిన కొత్త శిక్షణలో కిందివారి సందేహాన్ని ఎలా వినాలి, కిందివారు సందేహాన్ని ఎలా నొక్కి చెప్పాలి అన్నవి ప్రధాన పాఠాలయ్యాయి. నేను ఈ సంగతి చదివినప్పుడు, మేస్త్రీ గారు కాయను చెవి దగ్గర ఆడించిన దృశ్యం కళ్ళ ముందు మెదిలి చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను.

మన దగ్గర సమావేశం ఎలా సాగుతుందో మీకు తెలుసు. పెద్దాయన ముందుగా తన ఉద్దేశం చెప్పి, "ఏమంటారు?" అని చుట్టూ చూస్తారు. "మీరెలా అంటే అలాగేనండి" అంటారు అందరూ. ఆయన సంప్రదించాననుకుంటారు, వారు బతికిపోయామనుకుంటారు. దీనిని మార్చాలంటే వరసను తలకిందులు చేయాలి. విషయం మాత్రమే చెప్పి, మీ అభిప్రాయం చెప్పకుండా, వయసులోనూ ఉద్యోగంలోనూ అందరికంటే చిన్నవారితో మొదలుపెట్టి అడుగుతూ రండి. గుమస్తా మాట్లాడాక సూపర్‌వైజరు, ఆ తరవాత అకౌంటెంటు, అందరి చివర మీరు. పెద్దవారు ముందు మాట్లాడేస్తే చిన్నవారికి ఇక మిగిలేది తల ఊపడమే.

అడిగే ప్రశ్న కూడా మారాలి. "అంతే కదా?", "ఏం, ఇబ్బందేమీ లేదుగా?" అనేవి ప్రశ్నలు కావు, ఔననమని చెప్పడం. వాటి స్థానంలో జవాబుగా ఔను, కాదు అనడానికి వీల్లేని ప్రశ్నలు వేయండి. "ఈ ఏర్పాటులో ముందుగా చెడిపోయేది ఏదనుకుంటున్నారు?", "ఈ లాటులో మీకు నచ్చనిది ఒకటి చెప్పండి", "నా స్థానంలో మీరుంటే ఇవాళ దేనిని ఆపేవారు?" అని అడగండి. అడిగాక ఆగండి. మొదట్లో ఎవరూ పలకరు. ఆ నిశ్శబ్దం మీకు చాలా పొడుగ్గా అనిపిస్తుంది, నోరు తెరిచి మీరే జవాబు చెప్పేయాలనిపిస్తుంది. మనసులో ఇరవై దాకా లెక్కపెట్టండి. నేను మొదటిసారి ఇలా చేసినప్పుడు పదిహేడు దగ్గర మా ఎలక్ట్రీషియన్ గొంతు సవరించుకుని, రెండో కంప్రెసరు బేరింగు వారం రోజులుగా వేరేగా మోగుతోందని చెప్పారు. వారం రోజులుగా ఆయన రోజూ నా గది ముందు నుంచే వెళుతున్నారు.

అందరిలో మాట్లాడలేనివారు ఎప్పుడూ ఉంటారు. వారి కోసం రోజూ ఒకే వేళకు ఒకే దారిలో ఒక చుట్టు తిరగండి. కాటా, ప్లాట్‌ఫాం, మెషిన్ రూము, గేటు. తనిఖీకి వెళ్ళినట్టు వెళ్ళకండి. ఏ వేళకు మీరు అటు వస్తారో వారికి తెలిస్తే, చెప్పదలచుకున్నవారు ఆ వేళకు అక్కడ ఉంటారు.

చెడ్డ కబురు తెచ్చినవారికి మొదటి జవాబు

మీరు ఎన్ని ప్రశ్నలు వేసినా, ఒకరు ధైర్యం చేసి చెడ్డ కబురు తెచ్చినప్పుడు మీ నోట వచ్చే మొదటి వాక్యం మిగిలినదంతా నిర్ణయిస్తుంది. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే ఒక షెడ్డులో నేను కళ్ళారా చూసినది చెబుతాను. పదిహేడు, పద్దెనిమిదేళ్ళ హెల్పరు కుర్రాడు ఒక చేతిలో విరిగిన డ్రిల్ బిట్ పట్టుకుని, రెండో చేయి వెనక్కి పెట్టుకుని ఓనరు దగ్గరకు వచ్చాడు. ముఖం పాలిపోయి ఉంది. ఓనరు ఆ బిట్ వైపు చూడలేదు. "చేతికేం కాలేదు గదా? ఏదీ, చూపించు" అని వెనక ఉన్న చేతిని ముందుకు తీసి అటూ ఇటూ తిప్పి చూశారు. తరవాతే బిట్ తీసుకుని, ఎలా విరిగిందో అడిగారు. కుర్రాడు మిషన్ మీద తాను అవసరానికి మించి బలం పెట్టానని దాచకుండా చెప్పాడు. అదే ఓనరు మొదట ధర గురించి అడిగి ఉంటే "అది ముందే పగిలి ఉందండి" అనే జవాబు వచ్చేదని నేను నమ్ముతున్నాను.

అందుచేత మీ మొదటి వాక్యాన్ని ముందే తయారు చేసి పెట్టుకోండి. మనిషికి ప్రమాదం ఉన్న సంగతైతే "ఎవరికీ ఏమీ కాలేదు గదా?" అనండి. సరుకు సంగతైతే "వెంటనే చెప్పి మంచి పని చేశారు" అనండి. రెండో వాక్యం "ఇప్పుడు ఏం చేద్దాం?" కావాలి. "ఎవరు చేశారు?" అన్నది కనీసం ఒక గంట తరవాత, తలుపు వేసుకుని, ఆ మనిషితో మాత్రమే అడగవలసిన ప్రశ్న. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు వీధులన్నీ మునిగినప్పుడు, డ్యూటీకి ఎప్పుడు వస్తారని మొదట అడిగినవారినీ, పిల్లలు ఎక్కడున్నారని మొదట అడిగినవారినీ నేను చూశాను. ఆ రెండు రకాల ఆఫీసుల్లో మనుషులు ఈ రోజుకీ వేరువేరుగా పనిచేస్తున్నారు.

కబురు తెచ్చినవారికి ఆ రోజే సమాధానం చేరాలి. వారు చెప్పినదాన్ని మీరు అంగీకరించకపోయినా ఫరవాలేదు. "మీరు చెప్పాక మీటరు పెట్టి చూశాను, తేమ సరిగానే ఉంది, అందుకే లోపల పెట్టించాను" అని కారణంతో సహా చెప్పండి. చెప్పినది గాలికి పోయిందని రెండుసార్లు అనిపిస్తే మూడోసారి ఎవరూ చెప్పరు.

తప్పు ఒప్పుకునే పద్ధతి

"పొరపాటు జరిగింది" అనే వాక్యంలో పొరపాటు దానంతట అదే జరుగుతుంది, చేసినవారెవరూ ఉండరు. "సారీ" అన్నది భుజం తగిలినా అనే మాట. "క్షమించండి" సభల్లో బాగుంటుంది గానీ ప్లాట్‌ఫాం మీద అది వినేవారిని ఇబ్బంది పెడుతుంది, కాళ్ళ మీద పడ్డంత పని అవుతుంది. నాకు సరైనవిగా తోచిన మాటలు "తప్పు నాది". ఆ తరవాత తప్పు ఏమిటో ఒక వాక్యం, ఇక మీదట ఏం చేస్తారో ఒక వాక్యం. ఎందుకు చేశారో చెప్పకండి. ఆ రోజు రద్దీ ఎక్కువగా ఉందనీ, నిద్ర లేదనీ చెప్పడం మొదలుపెడితే ఒప్పుకున్నదంతా కరిగిపోతుంది.

ఏ చోట, ఎవరెవరి ముందు అవమానించారో ఆ చోటనే, వారి ముందే ఒప్పుకోవాలి. నలుగురిలో తిట్టి గదిలో పిలిచి అనునయించడం చాలామంది చేసే పని. అది తిన్న దెబ్బకు సరిపోదు. నేను మేస్త్రీ గారి విషయంలో జూన్ నుంచి ఆగస్టు దాకా ఆలస్యం చేశాను. బూజు పట్టిన టిక్కీల సంగతి అందరికీ తెలిసిపోయాక ఇంక చెప్పేదేముందని నన్ను నేను సమాధానపరచుకున్నాను. చివరికి ఒక ఉదయం ముఠా అంతా కాటా దగ్గర ఉన్నప్పుడు వెళ్ళి, "మార్చిలో మీరు కాయ మెత్తగా ఉందని చెప్పారు. నేను వినలేదు, పైగా మాట తూలాను. తప్పు నాది. ఇక మీదట మీరు ఆపమన్న లాటును మీటరు పెట్టి చూడకుండా లోపలికి పంపను" అన్నాను. గొంతు వణికింది. ఆయన తలగుడ్డ సర్దుకుని "సరేనండి" అన్నారు. అంతకు మించి ఏమీ జరగలేదు. ముఠా పనిలోకి వెళ్ళిపోయింది. మీరు ఒప్పుకున్న వెంటనే ఎదుటివారు కరిగిపోవాలని ఆశించకండి. మాట ఇచ్చిన తరవాత మీరేం చేస్తారో వారు చూడాలి గదా.

వారి పనిలో ఒక పూట

ఏడాదికి రెండు మూడు పూటలైనా మీ కిందివారి పనిని మీ చేతులతో చేయండి. ఛాంబరులో పది డిగ్రీల లోపు చలిలో గంటసేపు టిక్కీలు అందుకుంటే, మధ్యలో టీకి అంతసేపు ఎందుకు పడుతుందో మీకు వేరే చెప్పనక్కర్లేదు. ఫోటోలు తీయించుకోవద్దు. నేర్పమని అడగండి, వారు దిద్దితే దిద్దించుకోండి.

ఎక్కడ తగ్గకూడదు

అతి వినయం ధూర్త లక్షణం అని మన పెద్దలు ఊరికే అనలేదు. "నాదేముంది, అంతా మీ దయే" అంటూ చేతులు కట్టుకునే అధికారి దగ్గర మనుషులు మరింత జాగ్రత్తగా ఉంటారు, ఎందుకంటే ఆయన నిజంగా ఏమనుకుంటున్నారో వారికి తెలియదు. మీకు తెలిసినది తెలుసని చెప్పండి, తెలియనిది తెలియదని చెప్పండి.

వినడం వేరు, నిర్ణయం వేరు. అందరూ మాట్లాడాక నిర్ణయించవలసిన బాధ్యత మీదే, దానిని ఓటుకు పెట్టి తప్పించుకోకూడదు. ప్రమాద సమయంలో సంప్రదింపులు ఉండవు. కోల్డ్ స్టోరేజీలో అమ్మోనియా లీకైతే గాలి ఎటు నుంచి వస్తోందో చూసి ఎవరెవరు ఎటు వెళ్ళాలో ఒక్క కేకతో చెప్పవలసింది మీరే. ఆ కేక పని చేయాలంటే మామూలు రోజుల్లో మీరు కేకలు వేయనివారై ఉండాలి. దొంగతనం, తూకంలో మోసం, ఆడవారితో అసభ్యంగా ప్రవర్తించడం వంటి వాటి దగ్గర మెత్తదనం చూపితే, నష్టపోయేది మీ దగ్గర నిజాయితీగా పనిచేస్తున్నవారే.

స్త్రీలు అధికారులుగా ఉన్నచోట ఒక మాట అదనంగా చెప్పాలి. పురుషుడు "నాకు తెలియదు" అంటే పెద్దమనసు అంటారు, అదే మాట ఒక మహిళ అంటే చేతకానితనం అనేవారు ఇంకా ఉన్నారు. మా సంస్థలో నాతో సమానంగా పనిచేసిన ఒక సహోద్యోగిని దీనికి మంచి పద్ధతి పాటించేవారు. "నాకు తెలియదు" అన్న ప్రతిసారీ "సాయంత్రం ఐదింటికల్లా తెలుసుకుని చెబుతాను" అని వేళ చేర్చి, ఐదింటికి తప్పకుండా చెప్పేవారు. ఆమెను చూశాక నేనూ అదే చేస్తున్నాను.

పైవారి ముందు వంగడాన్ని వినయంగా లెక్కపెట్టుకోకండి, అది అందరికీ వచ్చు. ఛాంబర్లు నిండాక ఇంకో వెయ్యి టిక్కీలు పెట్టమని యజమాని అంటే, గాలి ఆడక ఉన్న సరుకు కూడా చెడుతుందని నెమ్మదిగా, స్పష్టంగా చెప్పగలగాలి. మీ కిందివారి నుంచి మీరు కోరుతున్నది అదే కాబట్టి, ముందు మీరు చేయడం వారు చూడాలి.

నెలకొకసారి లెక్క చూసుకోండి

ఇదంతా జరుగుతోందో లేదో మీ మనసును అడిగితే మీకు అనుకూలంగానే చెబుతుంది. అందుకని లెక్క రాయండి. మొదట చెప్పిన నోటుపుస్తకంలోనే చివరి పేజీలో, ఈ నెల మీ కిందివారు మిమ్మల్ని దిద్దిన సందర్భాలను తేదీతో రాస్తూ రండి. ఎవరు, ఏ విషయంలో, మీరేం చేశారు. ఆ పేజీ నెలంతా ఖాళీగా ఉంటే మీరు తప్పులు చేయలేదని కాదు, మీకు చెప్పలేదని అనుకుని మళ్ళీ కుర్చీలు, ప్రశ్నలు, మొదటి జవాబు ఈ మూడింటినీ సరిచూసుకోండి. ఎప్పుడూ ఒకరిద్దరి పేర్లే కనిపిస్తుంటే మిగతావారి దగ్గరకు మీ చుట్టు సరిగా వెళ్ళడం లేదన్నమాట.

నా పుస్తకంలో ఆ ఏడాది ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరు పేజీల్లో మేస్త్రీ గారి పేరు లేదు. మరుసటి ఫిబ్రవరిలో కొత్త కాయ రావడం మొదలైన నాలుగో రోజు సాయంత్రం, నేను బిల్లులు చూసుకుంటూ ఉండగా ఆయన లోపలికి వచ్చి, అడగకుండానే కుర్చీలో కూర్చుని, బల్ల మీద రెండు మిరపకాయలు పెట్టారు. "ఆడించి చూడండి" అన్నారు. నేను ఒకటి చెవి దగ్గర పెట్టుకుని ఆడించి, సొరుగులోంచి మీటరు తీశాను.